నర్సమ్మ కంబళి గుడారం

మొన్న ఆదివారం ఆరాధనకు ముందు, మా ఆత్మకూరు చర్చిగుడిలో గంట వేలాడే దూలం మీద ఒక చిన్న పైడికంటె వచ్చి కూర్చుంది. పట్టపగలు. పిడికెడంత పిట్ట, ఒళ్ళంతా తెల్లని చుక్కలు. గంట కొట్టడానికి వచ్చిన ముసలాయన తాడు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుని, వంగి ఒక రాయి అందుకున్నాడు.

"వద్దు," అన్నాను.

"గూబజాతి పిట్ట అయ్యగారూ. అది అరిస్తే ఎవరికో ఒకరికి మూడినట్లే. గుడి మీద అయితే ఇంకా చెడ్డ."

"అరవదులే. రాయి కింద పెట్టు. దానివైపు చూడకుండా, ఏదైనా కీర్తన పాడుకుంటూ లోపలికి పో."

"గంట?"

"ఈ పూట వద్దు."

ఆయన నన్ను ఒక చూపు చూశాడు. ఎండకు అయ్యగారి బుర్ర వేడెక్కిందనుకుని ఉంటాడు. అయినా మంచివాడు, పాడుకుంటూ లోపలికి పోయాడు. పైడికంటె ఒకసారి తల కిందికీ పైకీ ఊపి, సర్దుకుని కూర్చుంది. గంట మోగకపోయినా జనం వచ్చారు. నేను ప్రసంగిస్తున్నంతసేపూ కిటికీలోంచి దాని తోక కనబడుతూనే ఉంది. రెండుసార్లు మాట తప్పాను. నవ్వు ఆపుకోవడమే కష్టమైంది. నర్సమ్మ బతికి ఉంటే ఆ ఆదివారం ప్రసంగం వదిలేసి దూలం కిందే నిలబడి ఉండేది.

ఆమె ఈ వేసవి చివర ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. మొదటి పిడికెడు మట్టి వేసిన చేతులు నావే. ఆమె పేరు ఇక్కడ రాయను. ఊళ్ళవాళ్ళంతా ఆమెను నర్సమ్మ అనే పిలిచారు, నేనూ అలాగే పిలుస్తాను. పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మా బోధకులకు ఒక చెడ్డ అలవాటు ఉంది. పెట్టె మీద మూత పడగానే అందరినీ భక్తాగ్రేసరులను చేసేస్తాం. దాని గురించి ఆమె ఒకసారి నా ముఖం మీదే అనింది: "నువ్వు సమాధి కాడ చెప్పేది వింటాంటే, నేను వేరే ఎవరిదో చావుకు వచ్చినానేమో అని భయమేస్తాది అప్పా." అందుకని, చదివితే ఆమె తనను తాను గుర్తుపట్టేటట్టు రాయాలని నా ప్రయత్నం.

నాకు ఇంకా మీసాలు సరిగా రాని కాలంలో, ఉపదేశిగా నన్ను కడప జిల్లాలో ఎర్రమల కొండల కింద ఉన్న పల్లెలకు పంపారు. పెన్న ఒడ్డున ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. నర్సమ్మ అక్కడ కాన్పులు చూసేది. అప్పటికే ఆమె తల సగం నెరిసింది. పొట్టిగా, గట్టిగా ఉండేది. నడుస్తుంటే నేల మీద ఆమెకు ఏదో హక్కు ఉన్నట్టు అడుగు పడేది. ప్రార్థనలో కళ్ళు మూసుకునేది కాదు. అందరూ తలలు వంచి ఉంటే ఆమె మాత్రం కిటికీ బయటికి చూస్తూ ఉండేది. సంఘ పెద్ద ఒకాయన దీన్ని పట్టించుకుని అడిగాడు.

"కండ్లు మూస్తే నిద్ర వస్తాది అప్పా," అనింది ఆమె. "రాత్రంతా కాన్పు చూసి వచ్చినా. దేవుని ముందర గురక పెట్టేదానికంటే కండ్లు తెరుచుకునేదే మర్యాద గదా."

ఆమెకు ఒక కెమెరా ఉండేది. మూడు కాళ్ళ స్టాండు, తోలు తిత్తి, నల్లగుడ్డ, గాజుపలకల పెట్టె, అన్నీ కలిపి ఒక మనిషి మోత. డాక్టరు దొరసాని ఒకామె తన దేశానికి తిరిగి పోతూ ఇచ్చిపోయిందట. ప్రేమతో ఇచ్చిందా అని నేను అడిగితే నర్సమ్మ నవ్వింది. "యాడ ప్రేమ. ఆమె పెట్టె నిండిపోయినాది. అందుకని నాకు కృప దొరికినాది."

మొదట్లో మనుషుల ఫోటోలే తీసిందట. కొత్త దంపతులు, పసిబిడ్డలు, పింఛను పుచ్చుకున్న పెద్దమనుషులు. కానీ కెమెరా ముందు కూర్చోగానే ప్రతివాళ్ళూ ఊపిరి బిగపట్టి, కళ్ళు నిలబెట్టి, కొయ్యలైపోయేవారు. "బతికుండే మనుషులు నా ముందర శవాలైపోతాండారు. నేను శవాలకు ఫోటో తీస్తాండా," అని ఆమె విసుక్కుంది. ఒకరోజు తెల్లవారుజామున పల్లెలో కాన్పు చేసి ఎండిన వాగు, అక్కడివాళ్ళు వంక అంటారు, ఆ దారిలో తిరిగి వస్తుంటే, వంక పక్క రాతిగోడ మీద, ముందుకు పొడుచుకొచ్చిన చట్టు అంచున, ఒక పెద్ద గూబ కూర్చుని ఆమెను చూసిందట. చెవుల దగ్గర రెండు కొమ్ముల్లా ఈకలు, నిప్పుకణికెల్లాంటి కళ్ళు. ఆమె నిలబడిపోయింది. గూబా కదల్లేదు.

"ఆ రాత్రి ఈ చుట్టుపక్కల మేలుకున్నది మేమిద్దరమే అప్పా," అని చెప్పేది. "నాదీ దానిదీ ఒకటే డ్యూటీ. ఒకరి మొగం ఒకరికి తెలీకుంటే ఎట్ల?"

అక్కడినుంచి ఆమెకు ఆ పిచ్చి పట్టుకుంది.

నేను వచ్చిన కొత్తలో ఒక సాయంకాలం ప్రార్థన కాగానే ఆమె నా దగ్గరికి వచ్చింది. "నీ గొంతు పెద్దదే. నాకు పనికొస్తాది," అనింది. ఆసుపత్రిలో రోగులకు పాటలు పాడాలి కాబోలనుకుని సంతోషంగా ఒప్పుకున్నాను. మరునాడు మధ్యాహ్నం నా భుజం మీద ఆ కెమెరా మోత పెట్టి వంకలోకి తీసుకుపోయింది. రాతిగోడకు ఎదురుగా తంగేడు కొమ్మలు పాతి, వాటి మీద గొర్రెలవాళ్ళ నల్ల కంబళి కప్పిన చిన్న గుడారం ఒకటి ఉంది. కంబళికి ముందువైపు, కెమెరా కన్ను పట్టేటంత బొక్క, దాని పక్కన మనిషి కన్ను పట్టేటంత ఇంకొకటి. దాన్ని మొదట దూరంగా వేసి, రోజూ కాస్త కాస్త దగ్గరికి జరిపిందట. కొత్తకోడలు అత్తగారింట్లో చనువు పెంచుకున్నట్టు. ఇప్పుడు అది గూబ కూర్చునే చట్టుకు రెండు మంచాల దూరంలో ఉంది.

"ఇది నా ప్రత్యక్ష గుడారం," అనింది.

మోషే కాలంలో దేవుడు తన ప్రజల మధ్య దిగివచ్చిన గుడారం పేరు అది. అంత పరిశుద్ధమైన మాట గొర్రె వాసన కొట్టే కంబళికి వాడటం నాకు నచ్చలేదు. ఆ మాటే చెప్పాను.

"ఆ గుడారం మటుకు దేంతో కప్పినారప్పా? మేకవెంట్రుకల్తోనే గదా. నువ్వే మొన్న చదివినావు."

నిజమే. చదివాను.

ఇద్దరం వంగి గుడారంలో దూరాం. కెమెరా నిలబెట్టింది. తర్వాత నన్ను బయటికి తోసింది.

"ఇంక నువ్వు పో. గట్టిగా పాడుకుంటూ పో. గూబకు లెక్కలు రావు. మనుషులు వచ్చినారు, మనుషులు పోతాండారు, అంతే దానికి. ఎందరు వచ్చినారు, ఎందరు పోయినారు అని చూసుకోదు. నీ పాట దూరమైతే ఈడ ఎవురూ లేరనుకొని రెక్కలు వదులు చేస్తాది."

"సరే."

"వెనక్కి తిరిగి చూడొద్దు. నువ్వు చూస్తే అదీ ఇట్లే చూస్తాది. లోతు భార్య సంగతి తెలుసు గదా. ఆమె ఉప్పుస్తంభమైతే ఆమెకే నష్టం. నువ్వు తిరిగితే నాకు ఒక పలక దండగ."

అలా నేను గూబల ఫోటోల పనిలో చేరాను. నా పనల్లా వెళ్ళిపోవడం. దేవుడిచ్చిన గొంతును ఎన్నో చోట్ల వాడాను గానీ, వెళ్ళిపోతున్నానని ఒక పక్షికి నమ్మకం కలిగించడానికి వాడింది అక్కడే. వంక మలుపు దాకా మెడ నరాలు లాగేవి, ఒక్కసారి తిరిగి చూద్దామని. మలుపు దాటి తుమ్మచెట్టు కింద కూర్చుని, ఆమె మలుపు దగ్గరికి వచ్చి చేతిగుడ్డ ఊపేదాకా కాచుకునేవాణ్ణి.

గూబల కోసం పోయేటప్పుడు ఆమె ఎప్పుడూ ఒకే చీర కట్టేది, ఇటుకరాయి రంగుది. తెల్లచీర చూస్తే గూబకు ఆసుపత్రి గుర్తొస్తుందని నవ్వేది. గూబ కుదురుకున్నాక గుడారంలో పూర్తి మౌనంగా ఉండేది కాదు, ముక్కుతో ఏదో కీర్తన సన్నగా లాగుతూ ఉండేది. గమ్మున ఉండి కాస్త కదిలినా పొంచిన పిల్లి అనుకుంటుందని ఆమె వాదన. ఇంటికి వచ్చాక పలకలను ఆసుపత్రి గుడ్డలగదిలో మందునీళ్ళలో తేల్చి, పెన్న ఇసుకలో చెలమ తవ్వి ఆ నీళ్ళలో కడిగేది. ఎండాకాలం చెలమ దగ్గర బిందెలతో కాచుకున్న ఆడవాళ్ళు తిట్టేవారు. "ఓ నర్సమ్మా, నీ గూబకు స్నానం అయినాదా? మా బిందెలు నింపుకోవాల."

అంత చేసినా ఆమె కోరుకున్న ఫోటో రాలేదు. పగటిపూట గూబ కళ్ళు సగం మూసే ఉంచుతుంది. పక్కకు తిరిగినది, వీపు చూపినది, కునికిపాట్లు పడేది, ఇలాంటి పలకలే పెట్టెనిండా. "చూడు, పెద్దప్రసంగం వింటాండే సంఘపెద్ద మాదిరి," అని ఒకటి నాకు చూపించింది. ఆమెకు కావలసింది గూబ రెండు కళ్ళూ తెరిచి కెమెరాలోకి నేరుగా చూసిన చూపు. అదొక్కటే.

"దేవుణ్ణి అడిగినావా?" అన్నాను.

"అడిగితే ఇచ్చేస్తాడు. ఇచ్చినాక నాకేం పని ఉంటాది అప్పా, ఈ వంకలో?"

సంఘంలో కొందరికి ఇదంతా గిట్టలేదు. ధర్మశాస్త్రంలో అపవిత్రమైన పక్షుల వరసలో గూబ ఉందని ఆ పెద్దాయనే ఆమెకు చెప్పాడు. "తినొద్దన్నాడు గానీ చూడొద్దనలేదు గదప్పా," అని ఆమె వెళ్ళిపోయింది. ఆయన చాలా రోజులు ఆ వాక్యం తిరగేసి చూశాడు. చూడొద్దని ఎక్కడా దొరకలేదు.

అసలు చిక్కు వంక అవతలి పల్లె నుంచి వచ్చింది. ఆ పల్లెలో మా సంఘస్థురాలు ఒక అవ్వ ఉండేది. బాప్తిస్మం తీసుకుని ఏళ్ళయినా, పాత భయాలు ఆమె కొంగుముడిలోనే ఉండేవి. ఒక్కడే కొడుకు. కోడలికి రెండు కాన్పులు చెడిపోయాయి. ఇద్దరు బిడ్డలూ పుట్టగానే పోయారు. అప్పుడు పిలిచింది పల్లె మంత్రసానినే. ఇప్పుడు మూడోసారి నెలలు నిండుతున్నాయి. సందెవేళ రాతిగోడ మీద గూబ మూలిగితే, ఆ పిల్ల వాకిట్లో పని వదిలేసి ఇంట్లోకి పరుగెత్తేది.

ఒక ఆదివారం ఆరాధన కాగానే అవ్వ గుడి వాకిట్లో నర్సమ్మకు అడ్డం నిలబడింది.

"ఏమ్మా నర్సమ్మా, గూబ ముందర కూర్చొని వచ్చే చేతుల్తో నా కోడల్ని ముట్టుకుంటావా? నా గడప తొక్కొద్దు."

"సబ్బుతో కడుక్కుంటా గదవ్వా."

"సబ్బుతో పోయేదా అది?"

అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. ఆ సాయంకాలం నాతో అనింది: "ఆ పిల్లకు బిడ్డ అడ్డంగా ఉండాది అప్పా. చేత్తో సరిజేసి తిప్పాల. అవ్వ తలుపేస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు." ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే అల్లరి లేదు. మరునాడే పల్లెకు పోయి అవ్వ అరుగు మీద కూర్చుంది. నేనూ వెంట ఉన్నాను.

"అవ్వా, ఈ పొద్దు నుంచి గూబ కాడికి పోను. సాలునా?"

గూబల పిచ్చి పట్టుకున్నప్పటి నుంచి ఆమె కాచుకుంటున్న చూపు అది. దాన్ని అంత తేలిగ్గా వదిలేసుకుంటుందని నేను అనుకోలేదు. అవ్వ మాత్రం కరగలేదు.

"నువ్వు పోకుంటే అది అరవకుండా ఉంటాదా? అది సావాల. ఆదివారం లోగా కసువు మోపులు దించి పొగబెట్టి కాల్చేయమని నా కొడుక్కి చెప్పినా. అది పోయినాక నువ్వు నా ఇంట్లోకి రా."

ఆ చట్టు మీద గూబకు పిల్లలున్నాయని నాకూ ఆమెకూ తెలుసు. నర్సమ్మ కాసేపు అరుగు మీద వేలితో గీతలు గీసింది.

"సరే అవ్వా. కాల్చే ముందర ఒక్కసారి దాని మొగం నువ్వు సూడు. దగ్గర్నుంచి. సూసినాక నువ్వు ఏం జెయ్యమంటే నేనే దగ్గరుండి జేపిస్తా."

"వస్తా," అనింది అవ్వ వెంటనే. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది.

మరునాటి మధ్యాహ్నం వంకలో నడుస్తుంటే కారణం కనబడింది. అవ్వ చీర కుచ్చిళ్ళ పక్కన ఒడి కట్టుకుని ఉంది. ఆ ఒడి ఒకవైపు బరువుగా వేలాడుతోంది. అందులో రాయి ఉంది, తక్కువలో తక్కువ కొబ్బరికాయంత. నేను నర్సమ్మకు కళ్ళతో చూపించాను. ఆమె చూసింది. తల అడ్డంగా ఊపి, ఏమీ అనొద్దని సైగ చేసింది.

అవ్వను గుడారంలో పీట మీద కూర్చోబెట్టింది. కెమెరాకు రబ్బరు గొట్టంతో తగిలించిన గాలిబుడ్డను ఆమె చేతిలో పెట్టింది.

"అవ్వా, అది రెండు కండ్లూ తెరిచి నీవైపు సూస్తే దీన్ని పిసుకు. లేకుంటే ఊరికే కూర్చో. మేం పాడుకుంటూ పోతాం."

"నన్ను ఒంటిగా వదిలేసి పోతారా?"

"ఒంటిగా యాడ? ఎదురుగా అది లేదా?"

మేమిద్దరం పాడుకుంటూ బయలుదేరాం. నర్సమ్మ గొంతు ఆ రోజు శ్రుతి తప్పింది. మలుపు దాటి తుమ్మచెట్టు కింద కూర్చున్నాక చూశాను, ఆమె చేతులు ఇసుకను పిడికిళ్ళతో తీసి వదులుతున్నాయి. ఎంతమంది బిడ్డలను భూమ్మీదికి లాగిన చేతులో అవి.

"రాయి వేస్తే?" అన్నాను.

"దగ్గర్నుంచి తల్లి మొగం సూసి రాయి వేసినోళ్ళని నేను ఇంతవరకూ చూడలే."

"నువ్వు చూడనంత మాత్రాన లేరా?"

"అందుకే గదా నా భయం. గమ్మునుండు."

ఎండ రాతిగోడ మీద మెల్లగా జరిగింది. దూరంగా ఎవరో గొర్రెలను అదిలిస్తున్నారు. చాలాసేపటి తర్వాత గుడారం వైపు నుంచి దబ్బున ఒక చప్పుడు వినిపించింది. రాయి రాయిని తాకిన చప్పుడు. నర్సమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థించడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

అవ్వ మలుపు తిరిగి వస్తోంది. కొంగు జారిపోయింది, జుట్టుకు తంగేడు ఆకులు. ఒడి ఖాళీగా ఉంది. మా ముందుకు వచ్చి నిలబడి, ఇద్దరినీ తిట్టబోతున్నట్టు చూసింది.

"రెండు పిల్లలు ఉండాయి," అనింది అవ్వ. "దూదిపింజల మాదిరి. చట్టు మీదికి ఎండ వచ్చినాది. అది లేచి, పిల్లలకు అడ్డంగా నిలబడి ఒక రెక్క ఇట్ల దించినాది. ఎండ జరిగితే అదీ జరిగినాది. నా కొడుకును శనగచేన్లో పండబెట్టుకొని నేనూ ఇట్లనే జరుగుతాంటి, కొంగు పట్టుకొని."

ఆమె మా పక్కన కూలబడింది.

"ఎలకను తుంపి తుంపి నోట్లో పెడతాండాది. ఇంతింత ముక్కలు. అది ఒక్కటన్నా తినలే. తినవే తల్లీ, నువ్వూ ఒక ముక్క తిను అని ముందుకు వంగినా. ఒళ్ళో ఉండేది జారి కింద పడినాది. అంతే, అది తల తిప్పి నన్ను సూసినాది. అమ్మా, ఏం కండ్లు. నాకు పై ప్రాణం పైనే పోయి నీ బుడ్డ పిసికేసినా. పగిలిపోయినాదేమో చూసుకో."

"అది ఎగిరిపోయినాదా అవ్వా?" అంది నర్సమ్మ మెల్లగా.

"యాడికి పోతాది? బిడ్డలుండాయి గదా."

నర్సమ్మ ఇసుకలోనే వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే అడిగింది: "ఒళ్ళో రాయి ఎందుకు అవ్వా?"

"కుక్కలుంటాయని," అనింది అవ్వ, ముఖం పక్కకు తిప్పుకుని. తర్వాత ఆమెకూ నవ్వాగలేదు.

పొగకని కట్టిన కసువు మోపులు పశువుల మేతకు పోయాయి. ఆ వారమే కోడలికి నొప్పులు వచ్చాయి. పిలుపు రాకముందే నర్సమ్మ ఆ ఇంటి అరుగు మీద ఉంది. తెల్లవారాక నేను పోయేసరికి ఆమె వాకిట్లో చేతులు కడుక్కుంటోంది, అవ్వ పైనుంచి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం. ఏ పసిబిడ్డను చూసినా నర్సమ్మ అనే మాట ఒకటి ఉండేది, దానికి తల్లులంతా అలిగేవారు. ఆ మాటే అనింది.

"అచ్చం గూబపిల్ల మాదిరి ఉండాది."

"అవును," అనింది అవ్వ, తృప్తిగా. ఆ మాటకు అలగని ఇల్లు నేను చూసింది అదొక్కటే.

పలక తేల్చి చూస్తే, అందులో ఉంది. కొమ్ముల్లాంటి ఈకలు నిక్కబొడుచుకుని, రెండు కళ్ళూ నిండుగా, నేరుగా. చంపడానికి తెచ్చిన రాయి పడిన చప్పుడుకు అది తల తిప్పింది. ఆ చూపే పలక మీద నిలిచింది. నర్సమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె అసూయపడుతుందేమోనని ఒక క్షణం అనుకున్నాను.

"అడక్కుండానే ఇచ్చినాడు చూడప్పా," అనింది. "అదీ నా చేత్తో కాదు. ఇంక నాకు వంకలో పని మిగిలే ఉండాది."

ఫోటో ఒకటి అచ్చువేసి అవ్వకు ఇచ్చింది. నెల తర్వాత నేను ఆ ఇంటికి ప్రార్థనకు పోయాను. గుమ్మం పైన ఒకవైపు మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ. రెండోవైపు మేకుకు తగిలించిన గూబ, లోపలికి వచ్చేవాళ్ళను గుడ్లురిమి చూస్తూ. దాని కింద ఎర్రమిరపకాయలు గుచ్చిన దారం.

"ఏంటవ్వా ఇది?"

"దిష్టికి. ఆ కండ్లు చూడప్పా ఎట్లుండాయో. వాటిని దాటుకొని ఏ దిష్టి లోపలికి వస్తాది?"

నిన్నటిదాకా ఇంటికి చావు తెస్తుందన్న పక్షి ఈరోజు ఇంటికి కాపలా. నాకు తల తిరిగింది. ఒక మూఢనమ్మకాన్ని తీసేస్తే దాని చోట్లోనే ఇంకొకటి మొలిచింది. వచ్చే ఆదివారం దీని మీద గట్టిగా ప్రసంగిస్తానని నర్సమ్మతో అన్నాను.

"ప్రసంగించు. అవ్వ మొదటి చాప మీద కూర్చొని నిద్రపోతాది. మిరపకాయలు నేను తీపిస్తాలే. గూబను మటుకు ఉండనీ అప్పా. మీ బోధకులు ఇన్నేండ్లు చెప్పినా పోని భయం ఒక్క మధ్యాహ్నంలో పోయినాది. మిగిలింది మెల్లగా పోతాది."

మిరపకాయలు పోయాయి. గూబ ఉండిపోయింది. పిల్లకు నడక వచ్చేసరికి ఆ పల్లెలో ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు కూడా గూబ ఫోటో కావాలని నర్సమ్మను అడిగారు. దేవుడు చేసిన ఏ జీవి ముఖం మీదా శాపం రాసి పంపలేదని నేను వాక్యం నుంచి ఎన్నోసార్లు బోధించాను. పాడుబడిన చోట్ల ఒంటరిగా కూర్చునే ఆ పక్షిని కీర్తనకారుడు తన ప్రార్థనలోకే తెచ్చుకున్నాడని కూడా చెప్పాను. విన్నారు. కానీ ఆ గోడ ఎదుట కంబళి కింద కూర్చుని వచ్చినవాళ్ళకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ తర్వాత నర్సమ్మ ఒక్కొక్కరినీ తీసుకుపోయేది, ముందుగా ఒడి తడిమి చూసి.

అవ్వ తెచ్చిన రాయిని ఆమె పారేయలేదు. గుడ్డసంచిలో వేసి కెమెరా స్టాండుకు కింద వేలాడదీసేది, గాలికి కదలకుండా. అది "అవ్వరాయి" అయ్యింది. "అప్పా, అవ్వను ఎత్తుకో," అంటే ఆ సంచి నేను ఎత్తుకోవాలి. తర్వాత యుద్ధం వచ్చి మద్రాసు నుంచి గాజుపలకలు రావడం ఆగిపోయింది. అప్పటికి నేను వేరే ఊరికి మారాను. సెలవుల్లో పోయి చూస్తే, ఆమె ఖాళీ కెమెరాతోనే గుడారంలో కూర్చుంటోంది.

"పలక లేకుండా ఏం తీస్తాండావు నర్సమ్మా?"

"ఏమీ తీయను. పోయి పలకరించకుంటే మర్యాదగా ఉండదు గదా. నువ్వు వచ్చినావు, మంచిదైనాది. పాడుకుంటూ పో."

పాడుకుంటూ పోయాను.

ఈ వేసవిలో కబురు వచ్చి నేను వెళ్ళేసరికి ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. తాను ఏళ్ళ తరబడి దుప్పట్లు మార్చిన వార్డులోనే. మనిషి చిక్కిపోయింది, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆ సంగతి నా ముఖంలో చదివినట్టుంది. "ఇప్పుడు నేనూ దాని మాదిరే ఉండాను గదా," అనింది. తర్వాత, అలిసిపోయిన గొంతుతో: "ప్రసంగం చిన్నదిగా చెప్పు. పాట పెద్దగా పాడు." భయంగా ఉందా అని అడగడం మా పని. అడిగాను. "గుడారంలో కూర్చునేది నాకు కొత్తనా?" అనింది.

ఆమెను వంకకు ఎగువన సంఘం సమాధుల తోటలో పెట్టాం. పల్లెలన్నీ వచ్చాయి. ఆమె చేతుల మీదుగా భూమ్మీదికి వచ్చినవాళ్ళే సగం మంది, కొందరి చంకల్లో వాళ్ళ పిల్లలు. ప్రసంగం చిన్నదిగానే చెప్పాను, వేరే ఎవరిదో చావు కాకుండా చూసుకున్నాను. ఆమె చేతిగుడ్డ ఊపి నన్ను వెనక్కి పిలిచే సంగతి చెప్పినప్పుడు కొందరు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. అందరూ పిడికెడు మట్టి వేశారు. అవ్వ చాలా ముసలిదైపోయింది. మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది. పిల్ల ఇప్పుడు పైట వేసే వయసు. పిల్ల చేతిలో నర్సమ్మ గుడ్డసంచి ఉంది. అవ్వ చెప్పగా ఆ పిల్ల సంచిలోంచి అవ్వరాయి తీసి తలవైపు మట్టి మీద పెట్టింది.

"గాలికి కదలకుండా," అనింది అవ్వ.

పని అయిపోయింది. కానీ ఎవరికీ కాళ్ళు రావడం లేదు. రెండడుగులు వేసి ఒకరు తిరుగుతారు, వాళ్ళను చూసి ఇంకొకరు. ఆడవాళ్ళు మళ్ళీ వెనక్కి పోబోయారు. అప్పుడు నాకు నా పాత పని గుర్తొచ్చింది.

"ఎవరూ వెనక్కి చూడొద్దు," అన్నాను. "పాడుకుంటూ పదండి."

కీర్తన ఎత్తుకున్నాను. కొందరు వింతగా చూశారు గానీ అందుకున్నారు. చాలామందిమి వచ్చాం, ఒకరు తక్కువగా తిరిగి పోతున్నాం. ఎడమవైపు రాతిగోడ మీద ఎండ జరుగుతోంది. నా మెడ నరాలు మునుపటిలాగే లాగాయి. తిరగలేదు.

పక్కన అవ్వ బొంగురు గొంతుతో పాడుతోంది. మలుపు దగ్గర నా చెయ్యి గిల్లింది.

"గొంతు పెంచప్పా. మనమంతా పోయినామని తెలిస్తేనే గదా వచ్చేది."

ఎవరు వచ్చేది అని నేను అడగలేదు. గొంతు పెంచాను.